క్యాప్సూల్లో కోటిరత్నం కారం

“ఏమ్మా, పోయేది రక్తమేనా, లేకపోతే నువ్వు తిన్న కారమా?”

తొంభై ఏడు వేసవిలో చిలకలూరిపేట ఆర్‌ఎంపీ జక్రయ్య వేసిన ప్రశ్న ఇది. గదిలో ఇంకా ఐదారుగురు రోగులున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. తగ్గించే అలవాటు ఆయనకు లేదు. అయితే అడిగింది మరీ అర్థం లేని ప్రశ్నేమీ కాదు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న కోటిరత్నం ఊళ్ళో కారం మిల్లు నడిపే మనిషి. చీర కుచ్చిళ్ళ నుంచి కనుబొమల దాకా ఎర్రటి పొడి పట్టి ఉంది. అలాంటి మనిషి వచ్చి ఎర్రగా పోతోందంటే ఎవరికైనా ఆ అనుమానం రావచ్చు.

“కారమైతే నాకు తెలవదా అండీ?” అంది కోటిరత్నం. “పొద్దున లేస్తే నేను చూసేది దాని మొహమే గదా.”

గదిలో అందరూ నవ్వారు. జక్రయ్య కూడా నవ్వి, జిగట విరేచనాలని తేల్చి మాత్రలిచ్చాడు. అవి పని చేయకపోతే మొలలన్నాడు. ఆ మందూ పని చేయకపోతే వేడి చేసిందన్నాడు. ఏడాది ఇలాగే గడిచింది. కోటిరత్నం బరువు తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి, మిల్లు తొట్టిలో సగం కాయలు ఉండగానే వదిలేసి దొడ్లోకి పరిగెత్తడం రోజువారీ పనైపోయింది. బస్సెక్కాలంటే ముందు దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కునేది. ఎడ్లపాడులో ఒక టీ కొట్టు యజమానికి ఆమె టీ తాగని ఖాతాదారు. దొడ్డి వాడుకుని, మొహమాటానికి ఒక బిస్కెట్ ప్యాకెట్ కొని పోయేది.

ఉచిత సలహాలకు లోటు లేదు. మజ్జిగన్నమే తినమన్నవాళ్ళున్నారు, మొక్కుకోమన్నవాళ్ళున్నారు, జబ్బు మనిషికి ఓర్పు నేర్పుతుందని చెప్పిన ఒక రిటైర్డు హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. జబ్బు ఏదైనా నేర్పుతుందనేవాళ్ళు ఎప్పుడూ ఇంకొకరి జబ్బు గురించే ఆ మాట అంటారు. కోటిరత్నానికి అది నేర్పిందల్లా ఏ ఇంటి దొడ్డి ఎటువైపు ఉంటుందో.

అన్ని సలహాలూ చివరికి ఒక్కచోటికే వచ్చేవి: కారం మానెయ్, మిల్లు అమ్మెయ్. ఈ మాట అందరికంటే ఎక్కువగా, అందరికంటే ఆప్యాయంగా అన్నది ఆమె బావగారు బుల్లయ్య. భర్త శేషగిరికి అన్న. పురుగుమందుల కొట్టు ఆయనది. పత్తికి పురుగు పట్టిన ఆ ఏళ్ళలో కొట్టు బాగా పెరిగింది, సరుకు పెట్టుకునే చోటు చాలడం లేదు. కొట్టుకు ఆనుకుని ఉన్నదే కోటిరత్నం మిల్లు. “ఆరోగ్యం కంటే ఏముందమ్మాయ్? ఆ కారం గాలి పీల్చీ పీల్చీ పేగులు కుళ్ళిపోయినయ్యి. ధర నేనే ఇస్తా, బయటోళ్ళెందుకు?” అనేవాడు. డబ్బాల నిండా విషం అమ్మే మనిషి మిరపకాయను విషమంటుంటే శేషగిరి తల వంచుకుని వినేవాడు. శేషగిరి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర గుమాస్తా. తూకం తప్ప మరో విషయంలో అన్నకు ఎదురు చెప్పిన మనిషి కాదు.

ఆ మిల్లు కోటిరత్నం సొంతం. చీటీ పాడిన డబ్బుతో నరసరావుపేటలో పాత మిషను కొని, బేరింగులు మార్పించి, తనే నడిపింది. మాఘం దాటాక ఊరంతా ఏడాది సరిపడా కారం పట్టించుకునేది అక్కడే. కాయ చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, నాలిక్కి తగిలిస్తే ఆమెకు తృప్తి. ఏ పొడి కనపడ్డా అలా చేయడం ఆమెకు ఊపిరి లాంటి అలవాటు. పెళ్ళిళ్ళలో కుంకుమ భరిణెను కూడా వాసన చూస్తుందని ఇంటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అలాంటి మనిషి మిల్లు అమ్మేసి ఇంట్లో కూర్చుని మజ్జిగన్నం తినడమంటే, జబ్బు నయమైనా చేయడానికి ఏమీ మిగలని బతుకన్నమాట.

తొంభై ఎనిమిదిలో గుంటూరులో పేగు జబ్బుల డాక్టరు కొత్తగా వచ్చాడని తెలిసి వెళ్ళింది. పేరు చైతన్యకృష్ణ. కుర్రాడు. కెమెరా ఉన్న గొట్టం పెట్టి పెద్దపేగు చూశాడు. లోపలి గోడంతా పుళ్ళు పడి, తాకితే రక్తం చిమ్ముతోంది. ఇది పురుగు వల్ల వచ్చింది కాదనీ, ఒంటిని కాపాడాల్సిన కాపలాదార్లే దారి తప్పి సొంత పేగు మీద పడి కొడుతున్నారనీ చెప్పాడు. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ మాత్రలతో అదుపులో ఉంటుందన్నాడు. మొదట ఇచ్చిన స్టెరాయిడ్లకు మొహం ఉబ్బి గుమ్మడికాయైంది. వీధిలో ఆడవాళ్ళు ఒళ్ళు చేశావని మెచ్చుకున్నారు. తర్వాత రోజూ వేసుకోవాల్సిన పచ్చటి మాత్రలు మొదలయ్యాయి. కొన్ని నెలలకు రక్తం ఆగింది. ఉగాదికి కోటిరత్నం మళ్ళీ మనుషుల్లో పడింది.

బాగైంది కాబట్టి మాత్రలు మానేసింది. బాగైన మనిషి మాత్రలెందుకు మింగాలి? ఈ తర్కాన్ని తప్పు పట్టేవాళ్ళు తమ ఇంట్లో సగం వాడి వదిలేసిన మందు చీటీలు ఒకసారి చూసుకోవచ్చు. ఆ వేసవిలో కొత్తావకాయ పెట్టింది, కమ్మగా తింది. వానలు మొదలయ్యేసరికి రక్తం తిరిగొచ్చింది. బజారంతా ఒకే తీర్పు చెప్పింది: ఆవకాయ. బుల్లయ్య ఏకంగా స్థలం కొలిపించడానికి టేపు తెచ్చాడు.

డాక్టరు మాత్రం ముందు మాత్రల సంగతే అడిగాడు. మానేశానంది. అదే అయి ఉంటుందన్నాడు, మళ్ళీ మొదలుపెట్టించాడు.

“మరి కారం సంగతేంది బాబూ?”

“దాని సంగతి నాకు తెలియదమ్మా. గట్టిగా తేల్చినవాళ్ళు ఉన్నట్టు కూడా నేను చదవలేదు.”

తెలియదని చెప్పిన డాక్టరును కోటిరత్నం అంతవరకూ చూడలేదు. కాసేపు ఆశ్చర్యపోయి, తర్వాత కోప్పడింది. “పేగుల డాక్టరు మీరు. గుంటూరులో కూర్చుని కారం సంగతి మీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తదండీ?”

ఆ మాట చైతన్యకృష్ణకు గుచ్చుకుంది. రోజుకు పదిమంది అదే అడుగుతున్నారు, అతను పదిమందికీ ఏదో ఒకటి చెప్పి పంపిస్తున్నాడు. తను చదివిన కాలేజీ వాళ్ళను ఒప్పించి, అనుమతులు తెచ్చుకుని, చిన్న పరిశోధన మొదలుపెట్టేసరికి రెండు వేల ఒకటి వచ్చింది. జబ్బు అదుపులో ఉన్నవాళ్ళను కొందరిని చేర్చుకున్నాడు. అందరూ పచ్చ మాత్రలు మానకూడదు. కూరల్లో కారం వేసుకోకూడదు. భోజనంతో పాటు రోజూ ఎర్ర క్యాప్సూల్స్ మింగాలి. కొందరి సీసాల్లో కారం ఉంటుంది, కొందరి సీసాల్లో కారం లేని పొడి ఉంటుంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ గొట్టం పెట్టి, ఎవరి పేగు ఎలా ఉందో చూస్తారు.

“నాకు ఏది పడింది?” అని అడిగింది కోటిరత్నం.

“ఎవరికేం పడిందో నాకూ తెలియదమ్మా. సీసాలు కాలేజీలో నింపి, సీలేసి పంపారు.”

ఆమె సరేనంది. చేరడానికి కారణం సైన్సు మీద ప్రేమ కాదు. బుల్లయ్యకు మాటిచ్చింది. పరిశోధనలో కారందే తప్పని తేలినా, ఈలోగా జబ్బు తిరగబెట్టినా మిల్లు ఆయనకే. లేకపోతే ఆయన ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు. శేషగిరి ఎదుటే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆరోజు నుంచి ఇంట్లో ఆమెకు విడిగా చప్పటి కూర. కారం మిల్లులో పొద్దంతా నిలబడి, ఇంటికొచ్చి తెల్లటి సొరకాయ కూర తినేది. నియమం ఒక్క పూట కూడా తప్పలేదు.

తప్పు జరిగింది కరెంటు కోతలో.

ఆ రోజుల్లో మధ్యాహ్నం కరెంటు ఉండేది కాదు. మిల్లు ఆగిపోయింది, శేషగిరి అన్నం క్యారేజీతో వచ్చాడు. కోటిరత్నం తినబోతూ క్యాప్సూల్ చేతిలోకి తీసుకుంది. చేతిలో పడిన పొడిని చూడకుండా మింగడం ఆమె వల్ల కాలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పితే గొట్టం మాత్ర రెండు ముక్కలై విడిపోయింది. పొడిని నలిపింది. వాసన చూసింది. నాలిక్కి తగిలించింది. మొహం మాడ్చుకుంది.

“బియ్యప్పిండి,” అంది. “రంగు కలిపాడు సచ్చినోడు.”

“డాక్టరేదో అన్నాడు గదే,” అన్నాడు శేషగిరి, “కొందరికి కారం ఉండదనీ...”

“అన్నాడు. లోపలేముందో ఆయనక్కూడా తెలవదన్నాడు. మొన్న మనకి కల్తీ పసుపు పోసిపోయినోడు ఏమన్నాడు? సీలు విప్పలేదమ్మా, లోపలేముందో నాకూ తెలవదు అన్లా? సరుకు బాగుంటే ఎవడన్నా అట్టా అంటాడా?”

 పొడి వ్యాపారంలో ఈ వాదనకు తిరుగులేదు. ఇరవై ఏళ్ళుగా సీలు విప్పలేదన్న మాట విని మోసపోతూ వచ్చిన మనిషికి, ఒక డాక్టరు కావాలనే ఉత్త పిండి నింపించి, అందులో ఏముందో తాను కూడా తెలుసుకోకుండా ఉంటాడని తట్టడం సాధ్యం కాదు. పాపం పిల్లవాడు మోసపోయాడని నిర్ణయించింది. చెబితే నలుగురిలో నామోషీ పడతాడు. చెప్పకుండానే సరి చేద్దామంది.

సీసా అంతా పళ్ళెంలో బోర్లించారు. బియ్యప్పిండిని కోళ్ళకు పోశారు. మంచి తేజ రకం మిరపకాయ, ముచ్చికలు తీసి, రంగు పోయిన తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరి పట్టిన కారాన్ని పల్చటి గుడ్డలో జల్లించి, కాగితం మడిచి గరాటా చేసి నింపడం మొదలుపెట్టారు. శేషగిరి కాటా మనిషి కదా, అన్నీ ఒకే మట్టానికి వచ్చేదాకా ఊరుకోలేదు. ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. పక్క కొట్లోంచి బుల్లయ్య కేకేశాడు, కరెంటు లేకుండా మిల్లెట్టా నడుస్తోందని. “చేత్తో ఆడిస్తన్నాం బావగారూ,” అంది కోటిరత్నం.

కొత్త సీసా వచ్చినప్పుడల్లా ఇదే పని. పరిశోధన పేరుతో ఆ మొగుడూ పెళ్ళాలు అన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ లేనంతగా పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆమె భోజనంతో క్యాప్సూల్ మింగుతుంటే అతను ఆమె మొహం వంక చూసేవాడు. పేగు తిరగబెడితే మిల్లు పోతుందని ఇద్దరికీ తెలుసు. ఒక్క క్యాప్సూల్లో కూడా కారం తక్కువ పోసుకోవాలన్న ఆలోచన ఆమెకు రాలేదని ఇక్కడ చెప్పుకోవాలి. కారం నిర్దోషి అని ఆమె గట్టి నమ్మకం. పరీక్షంటూ పెట్టాక నికార్సైన సరుకుతోనే పెట్టాలి.

ఆరు నెలలైంది. పేగు కడగడానికి ముందురోజు తాగాల్సిన ఉప్పునీళ్ళన్నీ తిట్టుకుంటూ తాగి, గుంటూరు వెళ్ళి బల్ల మీద పడుకుంది. నర్సు జాస్మిన్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. డాక్టరు గొట్టం లోపలికి పోనిస్తూ, తెర ఆమె వైపు తిప్పాడు. గులాబీరంగు గోడ. పుండు లేదు, రక్తం లేదు.

“చాలా బాగుందమ్మా,” అన్నాడు. నిజంగానే సంతోషించాడు.

కోటిరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల కాదు. లేచి చీర సర్దుకున్నాక, కారం తప్పు లేదని బావగారికి చెబుతారా అని అడిగింది. అప్పుడే చెప్పలేననీ, ఎవరి సీసాలో ఏముందో కాలేజీవాళ్ళు విప్పి చెప్పాలనీ, అందరి లెక్కా కలిపి చూడాలనీ అన్నాడు. ఆమె ఇక ఆగలేకపోయింది. పని అయిపోయింది కనుక ఇప్పుడు చెబితే పిల్లవాడికి నామోషీ ఉండదనుకుంది.

“బాబూ, తప్పుగా అనుకోమాకండి. ఇంకోసారి కారం కొనేటప్పుడు మా దగ్గర కొనండి. మీకు పోసినోడు మోసం చేశాడు. ఉత్త బియ్యప్పిండి.”

జాస్మిన్ చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. “ఆంటీ, క్యాప్సూల్ విప్పారా?”

“మింగమన్నారు. విప్పొద్దని ఎవరన్నారే?”

నిజమే. ఎవరూ అనలేదు. పరిశోధన పద్ధతిలో అన్నీ రాసి ఉన్నాయి. గుంటూరు జిల్లాలో మనిషి చేతికి కారమని చెప్పి ఒక పొడి ఇస్తే వాసన చూడకుండా ఉండడన్న సంగతి ఒక్కటే రాసి లేదు.

“విప్పి ఏం చేశారు?” అన్నాడు చైతన్యకృష్ణ, మెల్లగా.

“మాది పోశాం. ఫస్టు రకం తేజ.”

“అన్నిట్లోనా?”

“అన్నిట్లో. సగం సగం పని మాకు తెలవదు బాబూ.”

డాక్టరు చేతి తొడుగులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. కావాలనే కొందరికి ఉత్త పొడి పెట్టామనీ, ఆ తేడా తెలియడం కోసమే ఇదంతా అనీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి కోటిరత్నం ప్రతి మాటా విన్నది. విన్నాక కోపం ఆమెకే వచ్చింది.

“అంటే కల్తీ చేసింది మీరా?”

కర్టెన్ వెనక్కి పోయి జాస్మిన్ నవ్వడం గదిలో ఉన్న ఇద్దరికీ వినిపించింది. చైతన్యకృష్ణ ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, తనూ నవ్వేశాడు. నవ్వుతూనే చెప్పాల్సింది చెప్పాడు. ఆమెను లెక్కలోంచి తీసేయాలి. ఆమె చప్పటి కూరలు, ఉప్పునీళ్ళు, అన్నీ పరిశోధన దృష్టిలో వృథా. కోటిరత్నం మొహం వాడిపోయింది. ఆమె కళ్ళముందు బుల్లయ్య టేపు కదిలింది.

“నేను తినింది కారమే గదా బాబూ? ఆర్నెల్లు తిన్నా. పేగు మీరే చూశారు.”

“ఒక్కరిని చూసి కారం మంచిదని చెప్పలేనమ్మా. ఇంకొకరికి పడకపోవచ్చు.”

“ఇంకొకరి సంగతి నాకెందుకు? మీ లెక్కకి చాలదు, సరే. నా పేగుకి చాలదా?”

చైతన్యకృష్ణ ఆమె ఫైలు తెరిచి, మొదటిసారి గొట్టం పెట్టిన రోజు కాగితం దగ్గర్నుంచీ చూసుకుంటూ వచ్చాడు. చదువుకున్నవాడు జవాబుకు ముందు కాగితాలు చూసుకోవడం ఆమెకు నచ్చింది. తర్వాత అతను ఫోను దగ్గరికి లాక్కుని, చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు నంబరు అడిగాడు.

బుల్లయ్య ఎత్తాడు. డాక్టరు కుదురుగా చెప్పాడు. మీ మరదలుగారి పేగు శుభ్రంగా ఉంది. ఆరు నెలలుగా ఆమె రోజూ కారం తిన్నారు, మామూలు కారం కూడా కాదు. మాత్రలు మానకుండా ఉన్నారు, జబ్బు తిరగబెట్టలేదు. రేపేమవుతుందో హామీ ఇవ్వలేను. ఇన్నాళ్ళు కారం ఆమెకు చెరుపు చేయలేదని మాత్రం చెప్పగలను. అవతల నుంచి బుల్లయ్య, మరి పరిశోధనలో ఏం తేలిందండీ అని అడిగినట్టున్నాడు.

“పరిశోధనది ఏముందిలెండి,” అన్నాడు చైతన్యకృష్ణ. “దాన్ని కూడా మీ మరదలుగారు మర ఆడించేశారు.”

బుల్లయ్య మాట మీద నిలబడ్డాడు, కాస్త ముక్కుతూ. జబ్బు తిరగబెట్టలేదు, కారందే తప్పని తేలలేదు. ఒప్పందం ప్రకారం నోరు మూసుకోవాలి, మూసుకున్నాడు. ఆ ఏడే నరసరావుపేట రోడ్డులో గోడౌను అద్దెకు తీసుకున్నాడు. తర్వాతి వేసవిలో తన ఇంటి కాయలు మిల్లుకు పంపి, “మరదలు తినే రకంలాగానే పట్టమను” అని కబురు పెట్టాడు.

చైతన్యకృష్ణ ఆ పరిశోధనను మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి క్యాప్సూల్ విప్పకూడదని మొదటి వాక్యంలోనే చెప్పించాడు. కోటిరత్నాన్ని చేర్చుకోలేదు. ఆమెను చూసి జనం నేర్చుకుంటారని భయం. కానీ కారం మాత్రం ఆమె మిల్లు నుంచే తెప్పించాడు. మొదటి విడత కారం సీసాలు కూడా ఆమెకు చూపించాడు. అవీ రెండేళ్ళ కోల్డ్ స్టోరేజి సరుకని ఆమె తేల్చి చెప్పింది. ఆ రెండో విడతలో ఏం తేలిందంటే, ఎటూ తేలలేదు. మనుషులు చాలలేదు, కొందరు మధ్యలో మానేశారు. కారం దోషి అని చెప్పలేం, నిర్దోషి అనీ చెప్పలేం అని అతను రాసుకున్నాడు. ఈ ఊళ్ళో చెప్పే చాలా తీర్పులకంటే అది నిజాయితీ గల తీర్పు.

కోటిరత్నానికి అలాంటి సందేహాలు లేవు. రోజూ పచ్చ మాత్రలు వేసుకుంటుంది. గోంగూర పచ్చడి తింటుంది. మిల్లుకు వచ్చిన వాళ్ళెవరైనా కడుపు బాగాలేదు, కారం మానేశామంటే, ముందు మాత్రలు మానేశారేమో కనుక్కుంటుంది, తర్వాత గుంటూరు డాక్టరు పేరు చెబుతుంది. రెండు వేల ఆరులో ఒకసారి కొద్దిగా రక్తం కనిపించింది. అటక ఎక్కి ఆవకాయ జాడీ దాచబోయిన శేషగిరిని దిగమని చెప్పి, బస్సెక్కి పోయి, మందు మార్పించుకుని వచ్చింది. దారిలో ఎడ్లపాడు టీ కొట్టు దగ్గర దిగి, ఈసారి టీ కూడా తాగింది.

రెండో విడత పరిశోధనకు ఆమె పంపింది నాలుగు కిలోల కారం. పట్టిన కూలితో కలిపి మూడు వందల ఇరవై రూపాయలు. డాక్టరు జేబులోంచి ఇవ్వబోతే తీసుకోలేదు, కొన్నది కాలేజీ కాబట్టి కాలేజీయే ఇవ్వాలంది. కాలేజీ నుంచి ఆ డబ్బు ఇంకా రాలేదు.